11 మంది పుట్టారు, 5 గురు ఉన్నారు: డబ్లిన్ జనాభా లెక్కల్లో ఒక కుటుంబాన్ని వెతికిన అనుభవం

మన మాజీ రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. ఆయన చదివిన కింగ్స్ ఇన్స్ భవనం ఇప్పటికీ ఉంది. దాని వైపు ఎక్కే చిన్న రాళ్ళ వీధి పేరు హెన్రియెట్టా వీధి. ఏడేళ్ళ క్రితం ఈ నగరానికి వచ్చిన కొత్తలో, గిరిగారి కాలేజీకి వెళ్ళే దారి కదా అన్న అభిమానంతో నేను ఆ వీధి చూడడానికి వెళ్ళాను. 18వ శతాబ్దంలో ప్రభువుల కోసం కట్టిన ఇటుక మేడలు రెండు వైపులా నిలబడి ఉన్నాయి. 14వ నంబరు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క ఇంట్లో 17 కుటుంబాలు, 100 మంది మనుషులు ఉండేవారని, వీధిలోని 15 ఇళ్ళలో కలిపి 835 మంది కాపురాలు చేసేవారని అక్కడ తెలుసుకున్నాను. గిరిగారు ఈ నగరంలో అడుగుపెట్టేటప్పటికి ఆ లెక్క రాసి రెండేళ్ళే అయింది. ఆయన తర్వాత కార్మిక నాయకుడెందుకయ్యారో పుస్తకాల్లో చదివాను గానీ, ఆ వీధిలో నిలబడ్డప్పుడు కలిగిన ఎరుక వేరు.

ఆ ఎరుక అక్కడితో ఆగిపోయేదే. మా పక్కింటి పెద్దావిడ వల్ల ఆగలేదు. ఎనభైకి దగ్గరపడుతున్న ఆవిడ ఒకరోజు టీకి పిలిచి, తన అమ్మమ్మ అలాంటి గదుల ఇంట్లోనే పుట్టిందని, తనకు కంప్యూటరులో వెతకడం చేతకాదని, ఆ పాత లెక్కల కాగితాల్లో అమ్మమ్మ పేరు చూపించగలవా అని అడిగారు. అమ్మమ్మ 1904లో పుట్టింది, తోబుట్టువులు మొత్తం ఐదుగురు, తండ్రి రేవులో కూలీ: ఆవిడకు తెలిసింది ఇంతే. ఒక్క సాయంత్రం పని అనుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది.

వెతకడం మొదలుపెట్టే ముందు అసలు ఏవి మిగిలాయో తెలుసుకోవాలి. ఐర్లండులో 1821 నుంచి 1911 వరకు పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు జరిగినా, ఇంటింటి కాగితాలు దాదాపు పూర్తిగా మిగిలినవి 1901, 1911 సంవత్సరాలవే. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, డబ్లిన్ న్యాయస్థానాలుండే ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని ప్రభుత్వ దస్తావేజుల భవనం పేలి తగలబడినప్పుడు అన్నీ పోయాయని ఇక్కడివారు సాధారణంగా చెబుతారు. అందులో సగమే నిజం. ఆ మంటల్లో పోయినవి 1821, 1831, 1841, 1851 లెక్కలు. వాటిలోనూ కొన్ని జిల్లాల ముక్కలు మిగిలాయి. 1861, 1871 కాగితాలను లెక్క తీసిన కొద్దికాలానికే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జు కింద పోయాయి. 1921లో స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్నందువల్ల లెక్కలే జరగలేదు. కాబట్టి 1845లో మొదలైన మహా కరవుకు ముందు 81 లక్షలు దాటి ఉన్న జనం 1851 నాటికి 65 లక్షలకు ఎలా తగ్గారో మొత్తం అంకెలు చెబుతాయి గానీ, ఏ ఇంట్లో ఎవరు లేకుండా పోయారో చెప్పే కాగితాలు లేవు.

మిగిలిన రెండు లెక్కలను మాత్రం ఐర్లండు జాతీయ ఆర్కైవ్స్ ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. మన దగ్గర 1911 నాటి నివేదికలూ పట్టికలూ ఉన్నాయి, ఇంటింటి కాగితాలు లేవు. మా తాతగారి తండ్రి ఇంటి తలుపు దగ్గర నిలబడి లెక్క రాసుకున్న మనిషి చేతిరాత చూసే భాగ్యం నాకు లేదు. పక్కింటావిడకు ఉంది. ఆ ఆలోచనే నన్ను ఈ పనిలో ఇంత గట్టిగా నిలబెట్టిందనుకుంటాను.

మొదటి రాత్రి ఇంటిపేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. చేతిరాత కాగితాలను చూసి టైపు చేసినవారు ఒక అచ్చును మరో అచ్చుగా చదివారని చాలా రోజుల తర్వాత తెలిసింది. పైగా ఐరిష్ ఇంటిపేర్ల ముందుండే 'ఓ', 'మాక్' అనే ముక్కలను ఆ కాలంలో కొందరు రాసేవారు, కొందరు వదిలేసేవారు, ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాలుగా రాసుకునేవాడు. అనుమానం ఉన్న అక్షరం స్థానంలో చుక్కగుర్తు (*) పెట్టి వెతకవచ్చని తెలిశాక, ఇంటిపేరు పక్కన పెట్టి, రేవుకు దగ్గరి వీధులను ఒక్కొక్కటిగా తెరిచి, ఇంటి నంబర్ల వరసలో చదువుకుంటూ పోయాను. ఇది నెమ్మదైన పద్ధతే, కానీ కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఇదే. పేరు కోసం వెతికితే పేరే దొరుకుతుంది. వీధి మొత్తం చదివితే ఆ పేరు ఎవరి మధ్య బతికిందో తెలుస్తుంది.

వారు కనబడ్డది మూడో వారం. కుటుంబ కాగితం అయిన 'ఏ' ఫారంలో తండ్రికి 38 ఏళ్ళు, తల్లికి 36. పిల్లలు ఐదుగురు: 16, 9, 7, 4, 1. ఏడేళ్ళ పిల్ల పక్కింటావిడ అమ్మమ్మ. తండ్రికి రాయడం రాదు కాబట్టి ఫారం కానిస్టేబులే నింపి, సంతకం చోట నిశానీ పెట్టించుకున్నాడు. ఇక్కడ లెక్కలు రాసింది పోలీసులే, డబ్లిన్‌లో నగర పోలీసులు. ఆ సంగతి మరిచిపోకుండా ప్రతి జవాబునూ చదవాలి. ఇంటి పెద్ద తన కుటుంబం గురించి మనసు విప్పి చెప్పుకున్న మాటలు కావవి, తలుపు దగ్గర యూనిఫాంతో నిలబడ్డ మనిషికి ఇచ్చిన జవాబులు.

టైపు చేసిన పట్టిక చూసి ఊరుకుంటే ఇక్కడితో పని అయిపోయేది. అసలు కాగితం బొమ్మను తెరిచి పెద్దది చేసి చూశాను. 1901లో లేని, 1911లో అడిగిన కొన్ని గడులు పెళ్ళయిన స్త్రీల కోసం ఉన్నాయి: ఈ పెళ్ళి జరిగి ఎన్నేళ్ళు నిండాయి, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడు బతికి ఉన్నవారెందరు. విధవలను ఈ ప్రశ్న అడగనక్కరలేదు. అయినా చాలామంది విధవలు జవాబు చెప్పారు, కానిస్టేబుళ్ళు దానిని కొట్టేశారు, కొట్టేసిన గీత కింద అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ తల్లి గడిలో మూడు అంకెలున్నాయి. 17. 11. 5.

ఆ బొమ్మను పక్కింటావిడకు చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "అమ్మమ్మ ఎప్పుడూ మేం ఐదుగురం అనే చెప్పేది" అన్నారు. తర్వాత, "ఆ ఆరుగురి పేర్లు దొరుకుతాయా?" అని అడిగారు. అమ్మమ్మ పేరు చూపించమన్న పని అప్పుడు వేరే పనిగా మారింది.

అదే కాగితాల కట్టలో 'బీ1' అనే ఇళ్ళ ఫారం ఉంటుంది. చాలామంది దీన్ని తెరవరు, నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది ఇదే. ప్రతి ఇంటికీ మార్కులు వేసే పద్ధతి ఒకటి ఇందులో ఉంది. గోడలు రాయి, ఇటుక అయితే 1, మట్టి, చెక్క అయితే 0. కప్పు పలకరాయి, రేకు, పెంకు అయితే 1, గడ్డి అయితే 0. గదులు ఒక్కటే అయితే 1, రెండు నుంచి నాలుగైతే 2, అలా పెరుగుతూ పదమూడు గానీ అంతకు మించి గానీ అయితే 6. చివర వీధి వైపు కిటికీలు ఎన్నుంటే అన్ని మార్కులు. మొత్తం 12 గానీ అంతకు మించి గానీ వస్తే అది మొదటి తరగతి ఇల్లు. ప్రభువుల మేడ కదా, ఇటుక గోడలు, పలకరాళ్ళ కప్పు, పదమూడుకు మించిన గదులు, ముందు వైపు పన్నెండు కిటికీలు: మా కుటుంబం ఉన్న ఇంటికి 20 మార్కులు వచ్చాయి. మొదటి తరగతి. (పద్నాలుగు నెలల్లో నాకు తెలియకుండానే వారు 'మా కుటుంబం' అయిపోయారు.) కిందికి చదివితే ఆ మొదటి తరగతి ఇంట్లో పదమూడు కుటుంబాలు, ఒక్కొక్క కుటుంబానికి ఎన్ని గదులు అన్న గడిలో వరసగా 1, 1, 1, 2, 1, 1. మావారు ఏడుగురు, వారికి ఒక్క గది. అప్పట్లో డబ్లిన్ నడిబొడ్డున ఇలాంటి టెనిమెంటు ఇళ్ళలో దాదాపు 26,000 కుటుంబాలు ఉంటే, అందులో 20,000 కుటుంబాలు ఒంటిగది కాపురాలే. అబద్ధం ఎక్కడా రాయలేదు, అడిగిన వాటన్నిటికీ సరైన జవాబే ఉంది. గోడలనూ కిటికీలనూ లెక్కపెట్టి తరగతి నిర్ణయించాలనుకున్న ప్రభుత్వానికి, పెరట్లో అందరికీ కలిపి ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి ఉన్నాయా అని అడగాలనిపించలేదు.

ఆ తర్వాత 1901 మార్చి 31 నాటి లెక్కల్లోకి వెళ్ళాను. ఆ కుటుంబం అప్పుడు మరో వీధిలో ఉంది. పిల్లలు ముగ్గురు: ఆరేళ్ళ అబ్బాయి, మూడేళ్ళ అమ్మాయి, ఎనిమిది నెలల పసివాడు. మూడేళ్ళ అమ్మాయి పేరు చూసి ఆగిపోయాను. అది పక్కింటావిడ అమ్మమ్మ పేరు. 1904లో పుట్టిన పిల్ల 1901లో మూడేళ్ళదెలా అవుతుంది? 1901లో మూడేళ్ళుంటే 1911లో పదమూడు ఉండాలి గానీ ఏడెందుకు ఉంది? కుటుంబమే తప్పు పట్టుకున్నాననుకుని, ఐదు వారాల పాటు అదే ఇంటిపేరున్న మరో ఇంటి కోసం వెతికాను. తండ్రి పేరు, తల్లి పేరు, పెద్దబ్బాయి పేరు, అందరి వయసులూ సరిగ్గా సరిపోతున్నాయి. ఆ ఒక్క పిల్లే సరిపోవడం లేదు.

జవాబు జనన మరణాల రిజిస్టరులో దొరికింది. ఐర్లండులో 1864 జనవరి 1 నుంచి జననాలు, మరణాలు నమోదు చేయడం మొదలైంది. ఇప్పుడు వందేళ్ళు దాటిన జనన నమోదులు, యాభై ఏళ్ళు దాటిన మరణ నమోదులు పేజీల బొమ్మలతో సహా ఉచితంగా చూసుకోవచ్చు. జనన నమోదులో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది కాబట్టి, ఒకే పేరున్న ఇద్దరు తండ్రులను విడదీయడానికి అదొక్కటే నమ్మకమైన ఆధారం. ఆ ఆధారంతో తీస్తే ఒకే తల్లిదండ్రులకు 1898 జనవరిలో ఒక అమ్మాయి, 1904 ఫిబ్రవరిలో ఒక అమ్మాయి, ఇద్దరికీ ఒకటే పేరు. మొదటి అమ్మాయి మరణం 1902లో నమోదై ఉంది: వయసు నాలుగేళ్ళు, కారణం తట్టు, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము. పోయిన బిడ్డ పేరును తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం ఇక్కడ మామూలేనని తర్వాత తెలిసింది. మన వైపు పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను ఎవరూ కోరుకోకూడదని పెంటయ్య అనో, పుల్లమ్మ అనో పేరు పెట్టేవారు. ఈ తల్లి అదే పేరును మళ్ళీ పిలుచుకోవాలనుకుంది. తన అమ్మమ్మ జీవితాంతం మోసిన పేరు అంతకుముందే ఒక అక్క వదిలి వెళ్ళిన పేరని పక్కింటావిడకు చెప్పినప్పుడు, ఆవిడ ఏమీ అనకుండా లేచి కెటిల్ పెట్టారు.

మరణ నమోదు పేజీని మొదటిసారి చదివేవారు చివరి గడులను వదిలేయకూడదు. ఎవరు వచ్చి చెప్పారో, వారు ఎక్కడ ఉంటారో, పోయే సమయానికి దగ్గర ఉన్నారా లేదా అన్నది కూడా అందులో రాస్తారు. 1908లో పుట్టిన బాబు పదకొండు రోజులే బతికాడు. 'పుట్టుకతో బలహీనత' అని కారణం రాశారు. ఆ మరణం నమోదు చేయించింది తల్లీ తండ్రీ కాదు, అదే ఇంటి నంబరు చిరునామాగా ఉన్న మరో స్త్రీ, 'మరణ సమయంలో దగ్గర ఉన్నది' అన్న మాటతో, ఆమె నిశానీతో. 1911 నాటి బీ1 ఫారం మళ్ళీ తెరిచి చూశాను. పదమూడు కుటుంబాల్లో నాలుగో వరసలో ఆవిడ పేరు ఉంది. ముగ్గురు మనుషులు, రెండు గదులు. ఆవిడ 'ఏ' ఫారంలో వృత్తి: ఇళ్ళు తుడిచే పని. బాలింత లేవలేని స్థితిలో ఉంటే, తండ్రి రేవుకు పోయి ఉంటే, మేడమీది గది మనిషి రిజిస్ట్రారు దగ్గరకు నడిచి వెళ్ళి ఆ పని చేసిపెట్టిందని నేననుకుంటున్నాను. రెండు శాఖల వారు మూడేళ్ళ తేడాతో రాసుకున్న కాగితాలను పక్కపక్కన పెడితే తప్ప ఆ నడక కనబడదు.

ఇలాగే మరో ఇద్దరు దొరికారు. 1896లో పుట్టిన పాప పదకొండు నెలలకు, 1901 లెక్కల్లో ఎనిమిది నెలలవాడిగా కనబడ్డ బాబు అదే ఏడాది నవంబరులో కోరింత దగ్గుతో పోయారు. ఆ బాబు మరణం మాత్రం తప్పు స్పెల్లింగుతో ఉన్నందువల్ల రెండు నెలలు చిక్కలేదు. 

మధ్యలో పక్కింటావిడ నాన్నగారి వైపు వెతుకుతూ పశ్చిమాన మేయో కౌంటీకి వెళ్ళాం. ఆ వైపు పూర్వీకురాలికి 1901లో 57 ఏళ్ళు, 1911లో 71. పదేళ్ళలో పద్నాలుగేళ్ళు పెరిగిన మనుషులు ఐర్లండు పల్లెల్లో వేలమంది కనిపిస్తారు. కారణం 1909 జనవరిలో అమలైన వృద్ధాప్య పింఛను. డెబ్బై నిండినవారికి వారానికి ఐదు షిల్లింగుల దాకా ఇచ్చేవారు. 1864కు ముందు జనన నమోదు లేదు కాబట్టి చాలామందికి తమ వయసు నిజంగానే తెలియదు. 1839 జనవరి 6 రాత్రి దేశాన్ని ఊడ్చేసిన 'పెద్ద గాలి' నాకు గుర్తుంది అని చెప్పుకోవడం అప్పట్లో వయసుకు రుజువుగా చెల్లేది. ఇది చదివి నేను చాలాసేపు మా నాయనమ్మను తలుచుకున్నాను. పెద్ద గాలివానకు ముందు ఏడు నేను పుట్టాను, కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు చంకలో ఉన్నాను అని ఆవిడ చెప్పేది. ఆధార్ కార్డులో జనవరి 1 అని రాయించుకుని వచ్చింది. మేయో ముసలమ్మ అబద్ధమాడిందని నేను అనలేను.

ఆ పింఛను కోసమే ఆమె పెట్టుకున్న అర్జీ చీటీ ఒకటి జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికింది. అప్పటికి 1841, 1851 లెక్కలు ఇంకా కాలిపోలేదు. వయసు రుజువు కోసం అర్జీ పెట్టుకుంటే గుమాస్తాలు పాత లెక్కలు తిరగేసి జవాబు రాసేవారు. కాగితాలు పోయినా ఈ చీటీలు మిగిలాయి. ఈమె విషయంలో 'కనబడలేదు' అని రాశారు. అయితే వెతకడానికి ఆధారంగా ఆమె తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు చెప్పింది కాబట్టి, ఆ 'కనబడలేదు' అన్న చీటీయే మాకు మరో తరాన్ని, కరవుకు ముందు కాపురం పెట్టిన జంటను, చేతిలో పెట్టింది.

మళ్ళీ డబ్లిన్ గదికి వస్తే, ఆరుగురిలో నలుగురు పేర్లతో, తేదీలతో దొరికారు. ఐదో బిడ్డ 1905లో పుట్టినట్టు నమోదు ఉంది, పోయినట్టు నమోదు దొరకలేదు, 1911 కాగితంలో లేడు. ఆరో బిడ్డకు జననం కూడా దొరకలేదు. 1898 జనవరికీ 1900 జూలైకీ మధ్య ఒక ఖాళీ ఉంది, అక్కడే పుట్టి ఉండవచ్చు. నమోదు చేయించకుండా వదిలేసిన జననాలు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. ఇప్పటికి నాకు తెలిసినంతలో, ఆ బిడ్డ ఉన్నట్టు ప్రపంచంలో ఒకే ఒక్క రుజువు, 1911 ఏప్రిల్ 2 నాటి ఫారంలో పోలీసు అడిగినప్పుడు తల్లి పది అనకుండా పదకొండు అని చెప్పిన ఆ అంకె.

మిగిలింది చర్చి రిజిస్టరు. జాతీయ గ్రంథాలయం కాథలిక్ చర్చిల పాత రిజిస్టర్ల బొమ్మలను 2015 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది గానీ, అవి ఎక్కువగా 1880 దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాతివి చాలావరకు చర్చిలోనే అడగాలి. పేర్లు లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ యాకోబస్ అవుతాడు, అది చదవడం నేను కొంత నేర్చుకున్నాను. గత నెలలో పక్కింటావిడ తన చేత్తోనే చర్చికి ఉత్తరం రాశారు. తల్లి పేరు, తండ్రి పేరు, రెండు వీధుల పేర్లు, 1898 నుంచి 1900 వరకు అన్న వివరం రాసి, బిడ్డ పేరు అన్న చోట ఖాళీ వదిలారు. నేను వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను. జవాబు ఇంకా రాలేదు.